ఉత్త వాసనే గదా అనేవారికి

"ఉత్త వాసనే గదా అన్నా, ఏం గాదు." ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా హైవే పక్కనున్న షెడ్లలో పెట్రోల్ గురించి ఇంత గట్టిగా నమ్మే మాట మరొకటి లేదు. ట్యాంకు మూత దగ్గర ఘాటుగా కొట్టినా అదే మాట, పైపు చెమర్చినా అదే మాట. డబ్బా అడుగున రెండు చెంచాలు మిగిలితే దాన్ని ఖాళీ డబ్బా అంటారు. గదిలో వాసన నిండితే కిటికీ తెరువు, పోతది అంటారు. బండ్లు బాగుచేసేవాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్లు పెట్టుకునే చదువరులకూ, మోటారు బోటు వేసుకుని వరద నీళ్లలోకి దిగేవాళ్లకూ ఇదే ధీమా. పెట్రోల్ అంటే తడి, తడి కనిపించకపోతే ప్రమాదం లేనట్టే అన్నది ఈ వాదం సారాంశం.

పెట్రోల్ విషయంలో ఇది మొదటి నుంచి చివరి దాకా తప్పు. ద్రవంగా ఉన్న పెట్రోల్ మండదు. మండేది దాని ఆవిరి, అదీ గాలితో తగిన పాళ్లలో కలిసినప్పుడు. నూరు భాగాల మిశ్రమంలో ఆవిరి సుమారు 1.4 భాగాల నుంచి 7.6 భాగాల మధ్య ఉంటే అంటుకుంటుంది. అంటే మనం ఉత్త వాసన అని కొట్టిపారేస్తున్నదే అసలు సరుకు.

శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్ దగ్గర ఈ ధీమాకు ఎదురుదెబ్బ తగలవచ్చు. క్యాంపింగ్ స్టవ్వునో, దాని ఇంధనపు డబ్బానో సామానులో పెట్టుకొచ్చినవాడు "డబ్బా ఖాళీదే సార్, చుక్క లేదు" అంటాడు. చుక్క లేకపోవచ్చు. కానీ విమానయాన సంస్థలన్నీ పాటించే ఐఏటీఏ నిబంధనలకు అది చాలదు. ఇంధనం వంపేశాక కనీసం 1 గంట అలాగే కారనివ్వాలి, ఆ తర్వాత మూత తీసి కనీసం 6 గంటలు ఆరనివ్వాలి, పైగా విమాన సంస్థ అనుమతి ఉండాలి. ఇదంతా చాదస్తమని గొణిగే ప్రయాణికుడికి ఒక్క పేరు చెబితే చాలు: టీడబ్ల్యూఏ 800.

1996 జూలై 17న న్యూయార్క్ నుంచి పారిస్ బయలుదేరిన ఆ బోయింగ్ 747 కొద్ది నిమిషాల్లోనే గాల్లో పేలిపోయింది. 230 మంది చనిపోయారు. క్షిపణి కొట్టిందని, బాంబు పెట్టారని ఎన్నో కథలు పుట్టాయి. నాలుగేళ్ల దర్యాప్తు తర్వాత అమెరికా రవాణా భద్రతా బోర్డు 2000లో తేల్చింది వేరు. విమానం మధ్య భాగంలోని ట్యాంకు దాదాపు ఖాళీ. 48 వేల లీటర్లకు పైగా పట్టే ఆ ట్యాంకులో 190 లీటర్ల అడుగు ఇంధనం మాత్రమే ఉంది. దాని కిందనే ఎయిర్ కండిషనింగ్ యంత్రాలు ఉన్నాయి. విమానం నేల మీద ఆగి ఉన్నంతసేపూ వాటి వేడికి ఆ కాస్త ఇంధనం ఆవిరై ట్యాంకు నిండా పరుచుకుంది. ఎక్కడో విద్యుత్ తీగల్లో పుట్టిన లోపం నిప్పురవ్వ అయివుంటుందని బోర్డు భావించింది. ఆ ట్యాంకు నిండుగా ఉండి ఉంటే అంత ఆవిరికి అందులో చోటే ఉండేది కాదు. ఆ తర్వాతే విమానం ట్యాంకుల్లో నైట్రోజన్ పంపి, ఆవిరి అంటుకోకుండా చూసే ఏర్పాట్లు వచ్చాయి. 2008లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆ మేరకు నియమం తెచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ విమానంలో ఉన్నది పెట్రోల్ కాదు. జెట్ విమానాలు తాగేది శుద్ధి చేసిన కిరసనాయిలుకు తోబుట్టువు. దాని ఆవిరి అంటుకోవాలంటే ద్రవం కనీసం 38 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. పెట్రోల్‌కు ఆ హద్దు సున్నాకు దిగువన 40 డిగ్రీల దగ్గర. జనవరి తెల్లవారుజామున శంషాబాద్‌లో 12 డిగ్రీల చలి ఉన్నా, మోటార్ సైకిల్ ట్యాంకులోని పెట్రోల్ తన హద్దుకు 50 డిగ్రీలు పైనే ఉంటుంది. ఇంధనాల స్వభావం దగ్గరకొస్తే, విమానాశ్రయం గోడ అవతలి పెద్ద ట్యాంకులను చూసి భయపడేవాళ్లు గోడ ఇవతల ఇంటి మెట్ల కింద దాచిన 5 లీటర్ల డబ్బాను చూసి ఎక్కువ భయపడాలి.

మరి ఇంతమంది ఎందుకు భయపడరు? నా అనుమానం ఇది: మనకు ఇంధనం అంటే తెలిసిందే కిరసనాయిలు. రెండు తరాల కింద ప్రతి ఇంట్లోనూ గ్యాస్‌నూనె బుడ్డి వెలిగింది, వత్తుల స్టవ్వు మండింది, రేషన్ షాపులో క్యాన్లు పట్టుకుని వరుస కట్టాం. కిరసనాయిలు ఒలికితే గుడ్డతో తుడిచాం. గదంతా వాసన వచ్చినా పక్కనే దీపం వెలుగుతూనే ఉంది, ఏమీ కాలేదు. ఎందుకు కాలేదంటే మామూలు గది వేడికి కిరసనాయిలు అంటుకునేంత ఆవిరిని ఇవ్వదు. డీజిల్ కూడా దాదాపు అంతే. లారీలు, ట్రాక్టర్లు, మరపడవలు డీజిల్‌తో నడిచాయి కాబట్టి వాటి చుట్టూ పెరిగిన మెకానిక్కులకు ఇంధనపు వాసన అంటే చేతికి అంటుకునే జిడ్డు మాత్రమే. ఆ అనుభవం అబద్ధం కాదు. దాన్ని తెచ్చి పెట్రోల్‌కు అతికించడమే అబద్ధం. 1934 నాటి పెట్రోలియం చట్టం, తర్వాతి సవరణతో, ఈ తేడాను గీత గీసి చెబుతోంది: 23 డిగ్రీల లోపే అంటుకునే ఆవిరినిచ్చేది ఎ తరగతి, 23 నుంచి 65 దాకా బి తరగతి, ఆపైన 93 దాకా సి తరగతి. పెట్రోల్ ఎ, కిరసనాయిలు బి. మన అలవాట్లు మాత్రం ఇప్పటికీ బి తరగతిలోనే కూర్చున్నాయి.

ఇక "గాలికి పోతది" అన్న మాట. పోతుంది సరే, ఎటు? అడిగి చూడండి, అందరూ చెయ్యి పైకి చూపిస్తారు. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి కాదు, కిందికి పోతుంది. నేల వెంబడి పాకుతుంది, గుంటల్లో దిగుతుంది, మెట్ల మీదుగా సెల్లార్‌లోకి జారుతుంది. రోడ్డు మీది మోటార్ సైకిల్‌కు ఇదో పెద్ద చిక్కు కాదు, కింద అంతా తెరిపే గనుక. చిన్న పడవకు మాత్రం ఇదే ప్రాణాంతకం. పడవ అంటే గంగాళం లాంటిది: బయటి నీటిని లోపలికి రానివ్వని గోడలే లోపలి ఆవిరిని బయటికి పోనివ్వవు. అడుగున కన్నం ఉండదు. ఒలికిన పెట్రోలూ దాని ఆవిరీ అడుగు పలకల కింద చేరి అక్కడే కూర్చుంటాయి. పైన ఎంత గాలి వీచినా ఆ పలకల కింద కదలిక ఉండదు.

ఎంత ఒలికితే ప్రమాదం అన్న ప్రశ్నకు కాస్త లెక్క వేద్దాం. ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల పెట్రోల్ పూర్తిగా ఆవిరైతే సుమారు 1 లీటరు ఆవిరి. అంటుకోవడానికి 1.4 శాతం చాలు కాబట్టి ఆ ఒక్క లీటరు దాదాపు 70 లీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. 120 మిల్లీలీటర్ల టీ గ్లాసుడు ఒలికిందనుకోండి, 1,700 లీటర్ల దాకా. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న పడవ లోపలి చోటంతా కలిపితే అంతే. నిజానికి ఆవిరి అంత సమంగా పరుచుకోదు, ఒకచోట చిక్కగా ఇంకోచోట పలచగా ఉంటుంది. అది ఊరట కాదు. ఎక్కడో ఒకచోట సరైన పాళ్లు కుదరడానికి ఇంకా తక్కువ ఒలికినా సరిపోతుందని దాని అర్థం.

ప్రత్యర్థి దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. మనిషి ముక్కు పెట్రోల్‌ను పది లక్షల భాగాల గాలిలో ఒక్క భాగం లోపున్నా పసిగడుతుంది. మంటకు కావలసింది 14 వేల భాగాలు. అంటే వాసన తెలిసిన ప్రతిచోటా పేలుడు పొంచి లేదు. నిజం. ఆ లెక్కన వాసనకు ఉలిక్కిపడేవాడు పిరికివాడే అనిపిస్తుంది. అయితే ముక్కు ఉండేది నేల నుంచి ఐదడుగుల ఎత్తున, ఆవిరి ఉండేది పాదాల దగ్గర. పైన పలచగా తెలిసిన వాసన కింద ఎంత చిక్కగా ఉందో ముక్కు చెప్పలేదు. పైగా ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. కాసేపు అందులోనే ఉన్నవాడు "ఇప్పుడు వాసన లేదు" అంటే ఆవిరి పోయిందని కాదు, అతని ముక్కు మొద్దుబారిందని. అందుకే అమెరికాలో లోపల పెట్రోల్ ఇంజిన్ ఉన్న పడవల మీద హెచ్చరిక అతికించి ఉంటుంది: ఇంజిన్ వేసే ముందు గాలిని లాగిపారేసే ఫ్యాన్ కనీసం 4 నిమిషాలు నడపాలని, ఇంజిన్ గది అడుగు భాగాన్ని చూసుకోవాలని. ముక్కును నమ్ముకోమని మాత్రం దాని మీద రాసి ఉండదు.

శంషాబాద్‌కు పడవ గోల ఎందుకు అనేవాళ్లుంటారు. పక్కనే ఈసీ నది మీద 1927లో కట్టిన హిమాయత్ సాగర్ ఉంది, కానీ చేపలు పట్టే పుట్టికి మోటారు ఉండదు. ఇక్కడ పెట్రోల్ పడవ అంటే వరదకు వచ్చే పడవే. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోతకు గగన్‌పహాడ్ అప్పచెరువు తెగి బెంగళూరు హైవే మీద నీళ్లు పారినప్పుడు, టోలీచౌకి నదీమ్ కాలనీలో వీధులే వాగులైనప్పుడు జనాన్ని దాటించడానికి పడవలే దిక్కయ్యాయి. అలాంటి రబ్బరు బోట్ల వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకు పెట్రోల్ విడి ట్యాంకు నుంచి వస్తుంది, సాధారణంగా 25 లీటర్ల లోపుది. మూత మీద గాలి ఆడటానికి తిప్పే ఒక చిన్న గాలి మర, ట్యాంకు నుంచి ఒక రబ్బరు పైపు, మధ్యలో చేత్తో నొక్కే బల్బు. ఏడాదిలో పదకొండు నెలలు ఇదంతా ఏ షెడ్డులోనో పడి ఉంటుంది. అసలు కథ ఆ పదకొండు నెలలదే.

వాసన వస్తోందని ఎవరో చెబితే ఒకాయన మూత, గాలి మర రెండూ బిగించేస్తాడు. పైపు మాత్రం మోటారుకే తగిలించి వదిలేస్తాడు. మధ్యాహ్నానికి రేకుల షెడ్డు కాగుతుంది, ట్యాంకు ఉబ్బుతుంది, లోపలి ఒత్తిడికి పెట్రోల్ పైపు గుండా మోటారులోకి ఎక్కి, అక్కడి నుంచి పొర్లి కిందికి కారుతుంది. వాసన తగ్గించబోయి పెట్రోల్‌నే బయటికి తోశాడు. ఇంకొకాయన దీనికి విరుగుడుగా గాలి మర తెరిచే ఉంచుతాడు. ఎండకు ఉబ్బి, రాత్రికి తగ్గి, ట్యాంకు రోజూ ఊపిరి తీసినట్టు ఆవిరిని వదులుతుంది, తేమను పీల్చుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు ఆ తేమ అసలు పడదు. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ వాటితో కలిసి అడుగుకు దిగిపోతుంది, పాత రబ్బరు పైపులు, సీళ్లు కూడా ఇథనాల్‌కు త్వరగా పాడవుతాయి. ఇద్దరూ ఒకరినొకరు తప్పుబట్టుకుంటారు, ఇద్దరిదీ తప్పే. పని అయిపోగానే పైపు మోటారు నుంచి ఊడదీయాలి, కార్బ్యురేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా నడిపి ఆపాలి, అప్పుడు గాలి మర మూయాలి, ట్యాంకును పడవలోంచి దించి నీడలో, మనుషులు మసిలే గదికి దూరంగా పెట్టాలి. అమెరికాలో 2011 నుంచి కొత్త విడి ట్యాంకులకు, పైపు తీయగానే తానే మూసుకుని కొంత ఒత్తిడి దాకా ఆవిరిని పట్టి ఉంచే మూతలు తప్పనిసరి చేశారు. అలాంటి మూత ఉన్నా ట్యాంకును అంచుదాకా నింపితే పని చెడుతుంది. చల్లగా నింపిన 25 లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు అర లీటరు పెరుగుతుంది. ఆ అర లీటరు ఎక్కడికి పోవాలి?

వేసవి రాగానే ఫోన్లలో తిరిగే హెచ్చరిక ఒకటుంది: ఎండల్లో ఫుల్ ట్యాంక్ కొట్టించకండి, బండి పేలిపోతుందని. కార్లు, బైకుల ట్యాంకుల్లో వ్యాకోచానికి చోటు విడిచే డిజైన్ చేస్తారు కాబట్టి ఆ భయం వట్టిది. ఇండియన్ ఆయిల్ కూడా అదే చెప్పింది. తమాషా ఏమిటంటే ఆ హెచ్చరిక చెల్లే చోటు పడవ విడి ట్యాంకు, ఇంట్లో దాచే డబ్బా. వాటి గురించి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, ఎన్నడన్న ఏమన్న అయ్యిందా?" అనేది మనవాళ్ల చివరి అస్త్రం. దానికి సమాధానం అదృష్టం అని సరిపెట్టనక్కర్లేదు, కారణం ఉంది. మన వేడిలో సగం నిండిన పెట్రోల్ ట్యాంకు లోపల ఆవిరి 7.6 శాతం హద్దు దాటి ఉంటుంది. అంత చిక్కటి ఆవిరికి గాలి చాలదు, లోపల అంటుకోదు. ఇరవై ఏళ్లు కాపాడింది ఆ చిక్కదనం. అదే ట్యాంకును వంపేసి, అడుగున తడి మాత్రం మిగిల్చి, మూత తీసి పక్కన పెడితే గాలి లోపలికి వచ్చి ఆవిరి పలచబడుతూ సరిగ్గా మండే పాళ్లకు దిగుతుంది. అప్పుడు పగులుకు వెల్డింగ్ పెడదామని మెకానిక్ రాడ్డు అంటిస్తాడు. నీళ్లతో ఒకసారి కడిగాంలే అంటాడు. ట్యాంకు మూలల్లో, అతుకుల్లో ఇంకిన పెట్రోల్ ఆ ఒక్క కడుగుకు పోదు, వెల్డింగ్ వేడికి మళ్లీ ఆవిరై లేస్తుంది. ఖాళీ ట్యాంకర్‌కు వెల్డింగ్ చేస్తుండగా పేలుడు అన్న వార్త చదివిన ప్రతిసారీ జనం "ఖాళీదే కదా, ఎట్లా పేలింది?" అని ఆశ్చర్యపోతారు. ఖాళీ కాబట్టే పేలింది.

ప్రభుత్వాలూ, బంకులూ ఈ అపోహను సరిచేయకపోగా పక్కదారి పట్టించాయి. బంకుల్లో పెద్ద అక్షరాలతో కనిపించే బోర్డు మొబైల్ వాడొద్దని. నిబంధన కాబట్టి పాటిద్దాం, కానీ అసలు దొంగ అది కాదు. అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ బంకు మంటలను ఏళ్ల తరబడి పరిశీలించినా ఫోన్ వల్ల అంటుకున్నట్టు ఒక్కటీ నిర్ధారణ కాలేదు. స్థిర విద్యుత్ వల్ల అంటుకున్నవి మాత్రం చాలా తేలాయి. ప్లాస్టిక్ డబ్బాను ఆటో సీటు మీదో, రబ్బరు బోటులోనో ఉంచి నాజిల్ నుంచి పోస్తే పుట్టే విద్యుత్ భూమిలోకి దిగే దారి ఉండదు. డబ్బాను దించి నేల మీద పెట్టి నింపండి అన్న బోర్డు మన బంకుల్లో మీకెక్కడైనా కనిపించిందా?

సీసాల సంగతీ అంతే. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిని చంపి తగలబెట్టిన ఘోరం తర్వాత సీసాల్లో పెట్రోల్ అమ్మొద్దన్న మాట గట్టిగా వినిపించింది. ఆ కోపం న్యాయమైనదే, కానీ అది నేరగాళ్ల గురించిన చర్చగానే మిగిలింది. లైసెన్సు లేకుండా, అమ్మకానికి కాకుండా 30 లీటర్ల దాకా పెట్రోల్ ఉంచుకునేవాళ్లు దాన్ని గట్టి బిరడా ఉన్న గాజు, జాడీ లేదా లోహపు పాత్రలోనే పెట్టాలని 1934 చట్టమే చెబుతోంది. గాజు, జాడీ అయితే 1 లీటరు మించకూడదు, లోహమైతే 25 లీటర్లు. నీళ్ల సీసా, నూనె క్యాన్ ఆ వాక్యంలో లేవు. అదే చట్టం మోటారు వాహనం అన్న నిర్వచనంలో నేల మీది బండినీ, నీటి మీది పడవనూ, ఆకాశంలోని విమానాన్నీ ఒకే గాటన కట్టింది. చట్టం రాసినవాళ్లకు ట్యాంకు ఎక్కడున్నా ట్యాంకేనని తెలుసు.

ఒంటి సంగతి క్లుప్తంగానే చెబుతాను, ఇందులో వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకమని ఎప్పటి నుంచో తెలుసు. అందుకే దాన్ని మన ప్రమాణాల్లో 1 శాతానికి కట్టడి చేశారు. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ వాహనాల పెట్రోల్‌నే నేరుగా మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రూఢి అయిన వాటిలో చేర్చింది. "నాకు పెట్రోల్ వాసనంటే ఇష్టం" అని మురిసిపోయేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎక్కువ పెట్రోల్ అమ్మే కొత్త బంకులకు ఆవిరిని వెనక్కి లాగే పరికరం ఉండాలని చెప్పింది కూడా ఊరికే కాదు.

మిగిలింది ఒక సాకు. అర్ధరాత్రి వరదలో జనం మేడల మీద నుంచి కేకలు పెడుతుంటే పైపు చూసుకునే టైమ్ ఎక్కడిది, ట్యాంకు దించి నింపే టైమ్ ఎక్కడిది అంటారు. ఉండదు, ఒప్పుకుంటాను. ఆ రాత్రి పడవలో పిల్లల్ని, ముసలివాళ్లను కూర్చోబెట్టేది అడుగు పలకల మీదనే, అంటే ఆవిరి చేరే ఎత్తులోనే. కాబట్టి ఈ పనికి ముహూర్తం ఆ రాత్రి కాదు, మే నెల. పగిలిన పైపులు, గట్టిపడిన బల్బులు అప్పుడే మార్చాలి. నిరుటి పెట్రోల్ వంపేసి కొత్తది తేవాలి. అడుగు పలకలు లేపి కింద తుడిచి ఆరబెట్టాలి. ట్యాంకుకు పగులుంటే అతుకు వేయడం మాని కొత్తది కొనాలి. లోహపు డబ్బాలు రెండు, ట్యాంకు నింపడానికి ఒడ్డున ఒక చదును చోటు, మండే ఆవిరిని పసిగట్టే చేతి పరికరం ఒకటి: బోటు కొనే బడ్జెట్‌లో వీటి వాటా ఏపాటి? టెండరులో బోటు రంగు, మోటారు హార్స్‌పవర్ రాసే అధికారి ఈ నాలుగు ముక్కలు కూడా రాయాలి.